మా అత్తగారి పెద్దకోడలు

నేను కాపరానికి వెళ్ళేసరికే మా అత్తవారింట్లో ఒక కోడలుంది. అయ్యో పాపం అని నొచ్చుకోకండి. అది మనిషి కాదు, మోటారుసైకిలు. 1984లో మావారు కొన్న బుల్లెట్టు. నేను ఆ ఇంట కుడికాలు పెట్టింది 1986లో. ఆ లెక్కన అది నాకంటే రెండేళ్ళు పెద్ద. అందుకని మా అత్తగారు దాన్ని "మా పెద్దకోడలు" అనేవారు. శుక్రవారం గడపకి పసుపు రాసి, అదే చేత్తో దాని హెడ్‌లైటుకి కూడా ఓ బొట్టు పెట్టేవారు. "పెద్దది నోరు చేసుకుంటుందే గాని మనసు మంచిది" అని మెచ్చుకునేవారు కూడాను. చిన్నకోడలి గురించి అలాంటి మాట ఎప్పుడైనా అన్నారేమోనని నలభై ఏళ్ళుగా గుర్తు తెచ్చుకుంటున్నాను. ఇంకా గుర్తుకు రాలేదు.

దానికి జరిగే మర్యాదలు చూస్తే ఏ ఇల్లాలికైనా ఒళ్ళు మండుతుంది. ఆదివారం వచ్చిందంటే చాలు, మావారు వరండాలో గోనెపట్టా పరిచి దాని ముందు బాసీపట్టు వేసుక్కూర్చునేవారు. నూలుచీరలు మెత్తబడ్డాక పిల్లల పక్కబట్టలకి పనికొస్తాయని దాచుకునేదాన్ని. ఒక్కటి దక్కితే ఒట్టు! అన్నీ దాని ఒళ్ళు తుడవడానికే. కిరసనాయిలు రేషను కార్డు మీద కొలిచి పోసే రోజుల్లో, నా స్టవ్వులోకి ఉన్నా లేకపోయినా దాని చెయిను కడగడానికి గ్లాసెడు మిగలాల్సిందే. వాకిట్లో నేను చుక్కలు పెట్టి ముగ్గు వేస్తే, అది తన వంతుగా ఓ నూనె చుక్క పెట్టేది.

న్యాయంగా మాట్లాడుకోవాలంటే మాకు అన్నం పెట్టింది కూడా అదే. మావారిది వంశధార కాలవల మీద ఉద్యోగం. కాలవ గట్టంటే మన ఊరి రోడ్డులా ఉండదు. వానాకాలం బురద, ఎండాకాలం గోతులు. ఆ గట్లమీద ముప్ఫై ఏళ్ళు ఆయన్ని మోసుకు తిరిగి, ఏ అర్ధరాత్రి కాలవకి గండి పడిందన్నా తీసుకెళ్ళి, తెల్లారేసరికి మళ్ళీ నాకు అప్పజెప్పేది. వీధి మలుపులో దాని డుగ్‌డుగ్‌మనే చప్పుడు వినబడితే గాని నేను అన్నం వార్చేదాన్ని కాదు. చెప్పొద్దూ, ఆ చప్పుడు నాకూ అలవాటైపోయింది.

దాని పుట్టింటి సంగతి కూడా కాస్త చెప్పాలి. ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరివాళ్ళ బండి అది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి, మొదట అక్కణ్ణించి సామాను తెప్పించి బిగించేది. తర్వాత మొత్తం ఇక్కడే తయారుచెయ్యడం మొదలెట్టింది. ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడ్డాక కూడా మద్రాసు బుల్లెట్టు బతికి బట్టకట్టింది. పుట్టింటివారు పోయినా మెట్టినింట నిలదొక్కుకున్న ఆడపడుచులా అన్నమాట. ఒకటే సిలిండరు. దాని అడ్డం 70 మిల్లీమీటర్లు, అందులో పిస్టను పైకీ కిందకీ తిరిగే దూరం 90 మిల్లీమీటర్లు. లోపలి జాగా 346 సీసీ. సన్నగా పొడుగ్గా ఉన్న రోట్లో రోకలి పోటు పడ్డట్టు, ఒక్కొక్క పోటూ నిదానంగా, బరువుగా పడుతుంది. ఆ డుగ్‌డుగ్ అందుకే. ఆ కాలపు బుల్లెట్టుకి గేరు కుడికాలికీ, బ్రేకు ఎడంకాలికీ ఉంటాయి. ఇప్పటి పిల్లలెక్కితే ఆగవలసిన చోట గేరు మారుస్తారు. పోత ఇనుముతో చేసిన ఆ పాతకాలపు ఇంజను తయారీ 2010 ప్రాంతంలో ఆగిపోయింది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటారా? 2025 సంక్రాంతి వెళ్ళిన వారానికి మావారికి గుండెల్లో నొప్పి వచ్చింది. విశాఖపట్నం తీసుకెళితే రెండు స్టెంట్లు వేశారు. దేవుడి దయవల్ల గండం గడిచింది. మూణ్ణెల్లు పోయాక బండి మెల్లిగా నడుపుకోవచ్చన్నారు డాక్టరుగారు. నేను పక్కనే ఉండి, "ఏ బండండీ?" అని అడిగాను. అడగకుండా ఉండవలసింది. బుల్లెట్టని తెలియగానే ఆయన కళ్ళజోడు తీసి, "కిక్కు మాత్రం కొట్టకూడదు. జన్మలో కొట్టకూడదు" అన్నారు.

పెద్దకోడలికి బటను నొక్కితే కదిలే అలవాటు లేదు. కాలితో తొక్కాల్సిందే. దాంతో గోనెపట్టా కప్పి దాన్ని వరండాలో ఓ మూలకి తోసేశాం. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. మావారు వరండాలోకి రావడం మానేశారు. పేపరు లోపలే, కాఫీ లోపలే. మాటకి మాట జవాబు చెబుతారు, అంతే. కూరలో ఉప్పు తగ్గించినా పోట్లాడలేదంటే నాకు భయమేసింది. బెంగుళూరునుంచి మా అబ్బాయి ఫోన్‌చేసి, "నాన్నా, పాత బుల్లెట్లకి మంచి గిరాకీ ఉంది. విశాఖలో నా స్నేహితుడి బావమరిది లక్షన్నర ఇస్తానంటున్నాడు. ఊరికే తుప్పుపట్టిపోతుంది కదా" అన్నాడు. ఈయన ఒక్క క్షణం ఊరుకుని, "ఇచ్చెయ్" అన్నారు. ఆ గొంతు నేను ఒక్కసారే విన్నాను, మా మావగారు పోయిన రోజున.

నలభై ఏళ్ళుగా అది ఎప్పుడు వదుల్తుందా అని చూసినదాన్ని నేను. తీరా ఆ రోజు వస్తే నాకు సంతోషం కలగలేదు, చూశారా!

కొనేవాడు ఒక షరతు పెట్టాడు. బండి స్టార్టయి చూపించాలట. తొమ్మిది నెలలుగా కదలని బండి ఎలా స్టార్టవుతుంది? వీధి చివర షాపు కుర్రాణ్ణి పిలిస్తే వచ్చి, కంప్యూటరు తగిలించడానికి తావు కోసం బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, "ఇది నావల్ల కాదండీ" అని వెళ్ళిపోయాడు. పూర్వం దీన్ని చూసే ముసలి మేస్త్రికి కళ్ళు కనిపించక షాపు మూసేశాడు. ఫోన్ చేశాను. "అమ్మగోరూ, దానికి గావలసినవి మూడే. తిండి, గాలి, నిప్పు. మూడూ ఉండి కూడా ఆడలేదంటే ఏళ తప్పినట్టు. బాబుగోరికి అన్నీ తెల్సు. సెయ్యి మీది, మాట ఆరిది. అంతే" అన్నాడు.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం నేనే గోనెపట్టా పరిచాను. "ఏమండీ, అమ్మడానికైనా దీన్ని లేపాలి గదా. మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి, నేను చేస్తాను" అన్నాను. స్క్రూ డ్రైవరు ఏ కొసన పట్టుకోవాలో తెలియని మొహం కదా నాది, ఆయన నమ్మలేదు. కాని నేను దాన్ని ఎలా పట్టుకున్నానో చూసి ఉండబట్టలేక వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

ముందు తిండి సంగతి. ట్యాంకులో పాత పెట్రోలు సీసాలోకి దింపమన్నారు. దింపి వెలుతురుకి పెడితే, పైన పెట్రోలు, అడుగున మబ్బుమబ్బుగా నీళ్ళ పొర. "ఎవరు పోశారండీ నీళ్ళు?" అన్నాను. ఎవరూ పొయ్యలేదట. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. అంటే సారాయిలో ఉండే సరుకే, చెరకునుంచీ మొక్కజొన్ననుంచీ బియ్యం నూకల్నుంచీ తీస్తారు. 2022లో దేశమంతటా నూటికి పది పాళ్ళు చేశారు, 2025కి ఇరవై పాళ్ళయింది. ఆ ఇథనాల్‌కి గాలిలో తేమని లాక్కునే గుణం ఉంది. నెలల తరబడి కదలకుండా ఉంటే, ఆ నీళ్ళూ తనూ కలిసి పెట్రోలుని వదిలి అడుక్కి దిగిపోతుంది. మూత సరిగ్గా పెట్టని ఉప్పుజాడీ వానాకాలంలో చెమర్చినట్టే. పాతకాలపు రబ్బరు గొట్టాలకి కూడా అది పడదు. ట్యాంకునుంచి కార్బురేటరుకి వచ్చే గొట్టం ముట్టుకుంటే నానిన అప్పడంలా ఉంది. కొత్తది వేశాం.

"దీని చిన్నప్పుడు పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు. 2000 ఫిబ్రవరినుంచి దేశంలో అది మాన్పించేశారు. ఈ వయసులో మందు అలవాటు చేస్తున్నారు" అన్నారు మావారు. తొమ్మిది నెలల తర్వాత ఆయన నోట వేళాకోళం వినడం అదే మొదటిసారి. నేను తల ఎత్తలేదు. ఎత్తితే కళ్ళలో నీళ్ళు కనబడతాయని.

తర్వాత కార్బురేటరు. పెట్రోలునీ గాలినీ పాళ్ళు చూసి కలిపే వంటింటి లాంటిదట అది. అందులో జెట్టని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాని మధ్య వెంట్రుకంత బెజ్జం. పాత పెట్రోలు ఎండి జిగురుకట్టి ఆ బెజ్జం మూసుకుపోయింది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇది నాకు తెలిసిన విద్యే కదా! అటక ఎక్కి, పంపు స్టవ్వు రోజులనాటి పిన్ను వెతికి తెచ్చి పొడవబోయాను. "పిన్ను పెట్టకు!" అని ఆయన కుర్చీలోంచి సగం లేచారు. స్టవ్వుకి ఫరవాలేదు గాని, ఇక్కడ బెజ్జం కొలత పెట్టి చేసినదట. వెంట్రుకవాసి పెద్దదైతే పాళ్ళన్నీ తప్పుతాయి. పెట్రోల్లో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టాను. టప్‌మని వదిలింది. జెట్టు కన్నంలోంచి ఆకాశం చూసి, "ఇదిగోనండీ, పోతోంది" అన్నాను. ఆయన గుండెమీద చెయ్యి వేసుకుని, "డాక్టరు నాకు చేసిందీ ఇదేనేమోయ్. మనకీ జెట్టే అడ్డుపడింది" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో జనవరి నెలంతా కరిగిపోయింది.

మా అబ్బాయి మధ్యలో ఫోన్‌చేసి ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు పొయ్యమని సలహా చెప్పాడు. దానికి మావారన్న మాట మీకూ పనికొస్తుంది. ఆక్టేన్ అంకె అంటే బలం కాదట, ఓర్పట. నలిపినా వేడెక్కినా నిప్పురవ్వ తగిలేదాకా తనంతట తను అంటుకోకుండా ఉండే ఓర్పు. కొత్త ఇంజన్లు లోపలి సరుకుని బాగా నొక్కుతాయి, వాటికి ఆ ఓర్పు కావాలి. మన బండి నొక్కేది ఆరున్నర వంతులే. ఇప్పటి మామూలు పెట్రోలు 91 ఆక్టేన్‌కి తగ్గదు. దీనికి అదే ఎక్కువ. ఓర్పు ఎక్కువున్న కోడల్ని తెచ్చి ఒంటికాపరంలో పెడితే ఏం లాభం చెప్పండి!

రెండోది నిప్పు. స్పార్కు ప్లగ్గు విప్పించారు. తెల్లటి పింగాణీ మెడ, కొసన రెండు లోహపు ముక్కలు, మధ్య సందు. ఆ సందులో విద్యుత్తు దూకుతుంది, ఆ రవ్వకే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. "ఏ రంగుగా ఉంది?" అని అడిగారు. మసి. నల్లటి పొడి మసి. అప్పుడు చెప్పారు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తడి నలుపు, జిడ్డు ఉంటే ఇంజను నూనె లోపలికి వస్తోంది. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, ఇంజను లోపల కాలిపోతోంది. పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటే బండి ఆరోగ్యంగా ఉంది.

"ఈ మాత్రం దానికి నలభై ఏళ్ళు దాచారా!" అన్నాను. మనం గిన్నె అడుగు చూసి పొయ్యి సంగతి చెప్పమూ? గాలి చాలక మంట పసుపుపచ్చగా లేస్తే గిన్నె మసి బారుతుంది. అదే లెక్క. అరకొరగా కాలిన పెట్రోలు మసే కాదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా వదులుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్టువాళ్ళు గొట్టం పెట్టి చూసేది దాన్నే. 2000 మార్చి దాకా తయారైన బళ్ళకి 4.5 శాతం దాటకూడదని నిబంధన. నా వంటిల్లు కాదది, మసిని పళ్ళెం కింద దాచెయ్యడానికి.

ప్లగ్గుని ఇత్తడి తీగల బ్రష్షుతో రుద్ది, సందుని ఫీలరు గేజితో కొలిచాను. గేజి అంటే తాళపత్రాల కట్టలా ఉండే సన్నటి ఉక్కురేకులు. ఒక్కో రేకుకి ఒక్కో మందం. అర మిల్లీమీటరు రేకు రెండు ముక్కల మధ్య దూరాలి. వదులుగా కాదు, బిగుతుగా కాదు, వెన్న రాసిన చాకులా దూరాలి. సందు మరీ ఎక్కువైతే రవ్వ దూకలేదు, మరీ తక్కువైతే బలంలేని రవ్వ పడుతుంది. ప్లగ్గుని ఇంజనుకి ఆనించి కిక్కు తొక్కితే, చీకట్లో మిణుగురు పురుగులా నీలంగా ఒక్క రవ్వ. చుట్టుపక్కల పెట్రోలు గుడ్డలు లేకుండా ముందే దూరంగా పెట్టించారు లెండి.

ఇక మేస్త్రి చెప్పిన ఏళ. అంటే వేళ. రవ్వ పడటమే కాదు, పిస్టను పైకొచ్చే క్షణానికి పడాలి. కొత్త బళ్ళలో ఆ పని యంత్రమే చూసుకుంటుంది. మా పెద్దకోడలికి పాయింట్లని రెండు చిన్న ముక్కలుంటాయి. అవి విడివడిన క్షణాన ప్లగ్గులో రవ్వ పడుతుంది. వాటి సందు ఒక మిల్లీమీటరులో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ. సరిగ్గా ఎప్పుడు విడివడుతున్నాయో తెలియడానికి సిగరెట్టు పెట్టెమీది గాజుకాగితం ముక్క ఒకటి ఆ రెంటి మధ్య పెట్టి మెల్లిగా లాగుతూ ఉండాలి. ఇంజనుని కొంచెం కొంచెంగా తిప్పుతుంటే ఒకచోట కాగితం పట్టు వదిలి చేతిలోకి వచ్చేస్తుంది. అదీ వేళ. మావారు సిగరెట్టు మానేసి ఇరవయ్యేళ్ళయింది. ఆ కాగితం ముక్క ఇంకా పనిముట్ల పెట్టెలో ఎలా ఉందో నేను అడగలేదు. కొన్ని ప్రశ్నలకి కూడా వేళ ఉంటుంది.

వేళ ముందుకి జరిగితే ప్రమాదమట. పిస్టను పైకి రాకముందే మందుపాతర పేలినట్టు పేలి, కిక్కు రాడ్డు ఎదురు తన్నుతుంది. కాలు విరిగినవాళ్ళు కూడా ఉన్నారట. అది విన్నాక నా ఉత్సాహం సగం చచ్చింది. ఇప్పుడు కిక్కు కొట్టాల్సింది నేనే కదా!

అరవయ్యొకటో ఏట, మా అమ్మాయి వదిలేసిన చూడీదారు వేసుకుని బుల్లెట్టు పక్కన నిలుచున్నాను. ఎదురింటివాళ్ళు కూరగాయలు బేరమాడుతున్నట్టు నటిస్తూ చూస్తున్నారు. మొదటిరోజు ముప్ఫైసార్లు తొక్కుంటాను. బండి దగ్గలేదు కూడా. "కొట్టకోయ్! అది బలంతో అయ్యే పని కాదు. దాని మాట వినాలి" అన్నారు. హెడ్‌లైటు పైన ఆమ్మీటరని చిన్న గడియారంలాంటిది ఉంటుంది. తాళంచెవి తిప్పి, కిక్కు రాడ్డుని నెమ్మదిగా నొక్కుతూ దాని ముల్లుని చూడాలి. ముల్లు పక్కకి వాలి, మళ్ళీ నడిమికి వచ్చి నిలబడితే పాయింట్లు విడివడ్డట్టు, పిస్టను పైకొచ్చినట్టు. అక్కడ రాడ్డు మొండికేస్తుంది. ఎడంచేతి దగ్గర చిన్న లీవరుంటుంది. అది లాగితే లోపల నొక్కుకుపోయిన గాలి ఉఫ్‌మని బయటికొచ్చేస్తుంది. అప్పుడు రాడ్డుని ఒక్క అంగుళం దింపి, లీవరు వదిలేసి, రాడ్డుని పైదాకా రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు తొక్కు. తన్నడం కాదు, అడుగు వెయ్యడం.

మూడోనాడు పొద్దున్న ముల్లు నడిమికొచ్చింది. ఉఫ్‌మంది. కళ్ళు మూసుకుని, మా అత్తగారిని తలుచుకుని, అడుగు వేశాను. డుగ్... డుగ్... డుగ్‌డుగ్‌డుగ్. ఎదురింటావిడ చేతిలో వంకాయలు జారిపోయాయి. నేను వెనక్కి తిరిగి చూద్దును గదా, మావారు కుర్చీలో లేరు. బండి దగ్గరకొచ్చి, సీటుమీద అరచెయ్యి ఆన్చి, తల ఓ పక్కకి వంచి వింటున్నారు.

ట్యూనింగంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. కార్బురేటరుకి గాలి మర ఒకటి ఉంటుంది. ఇంజను వేడెక్కాక దాన్ని కొంచెం కొంచెంగా లోపలికి తిప్పితే ఒకచోట బండి గొంతు బొంగురుపోతుంది. బయటికి తిప్పుకుంటూ పోతే ఒకచోట తడబడుతుంది. ఆ రెంటి మధ్యన, గొంతు తేటగా హుషారుగా పలికే చోట ఆపాలి. అంకెలతో చెప్పడానికి లేదు, చెవితో వినాల్సిందే. మా శ్రీముఖలింగం పక్కనే పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మధ్య కూర్చుని, వాళ్ళు ఎలా పలికితే అలా చెవితో పట్టుకుని ఆ భాషకి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. ఈయన నలభై ఏళ్ళుగా ఈ బండి భాషకి వ్యాకరణం రాసుకుంటున్నారు. నేను గచ్చుమీద మరకలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

శ్రీముఖలింగం అంటే జ్ఞాపకం వచ్చింది. "అమ్మేలోపున ఒక్కసారి స్వామిని చూసొద్దామా?" అని అడిగింది ఆయనే. పెళ్ళయిన కొత్తలో ఆ బండిమీదే మొదటిసారి అక్కడికి వెళ్ళాం మేము. కార్తీక సోమవారం జనం ఎక్కువని, చివరి సోమవారం మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాం. నేను కిక్కు కొట్టడం, ఆయన నడపడం. అదీ మా కొత్త ఒప్పందం. శ్రీకాకుళంనుంచి దాదాపు యాభై కిలోమీటర్లు. మడపాం దగ్గర వంశధార దాటి, నరసన్నపేటలో టిఫిను చేసి, చల్లవానిపేట మీదుగా తిరిగేసరికి ఎండ ఎక్కింది. రెండు పక్కలా కోతకొచ్చిన వరిచేలు. నలభై కిలోమీటర్ల వేగం దాటలేదు. దాటమని నేనూ అనలేదు.

ఊళ్ళోకి వస్తుంటే ముందు సోమేశ్వరాలయం, దాటాక మధుకేశ్వరుడి గుడి. తూర్పు గాంగరాజులు ఏలిన కళింగనగరం ఇదే. మధూకమంటే ఇప్పచెట్టు. స్వామి ఇప్పచెట్టులో వెలిశాడని స్థలపురాణం. దర్శనం చేసుకుని మంటపంలో కూర్చున్నాక మావారు నెమ్మదిగా, "ఇప్పపువ్వుతో సారా కాస్తారు. అలాంటి చెట్టునే స్వామి ఏరుకున్నాడు. పెట్రోల్లో మందు కలిపారని మనం దెప్పడం తప్పేమోయ్" అన్నారు. లెంపలు వేసుకున్నాను, ఇద్దరి తరఫునా.

గుడి వెనక వంశధార గట్టున ఇంజను చల్లారేదాకా కూర్చుని, ప్లగ్గు విప్పాను. కాఫీ రంగు కోసం చూస్తే, తెలుపు! సున్నం కొట్టినట్టుంది. నా గుండె జారింది. ఆయన కంగారు పడలేదు. కిలో పెట్రోలు కాలడానికి పద్నాలుగున్నర కిలోల పైచిలుకు గాలి కావాలట. ఇథనాల్‌కి తొమ్మిది కిలోలే చాలు, ఎందుకంటే దాని బరువులో మూడోవంతు ఆక్సిజనే, తిండితోపాటు గాలి కూడా మూటగట్టుకు వస్తుంది. పాత పెట్రోలుకి కుదిర్చిన పాళ్ళలో ఈ కొత్తది పోస్తే గాలి ఎక్కువైనట్టే లెక్క. కొత్త బళ్ళు తమంతట తాము సర్దుకుంటాయి. దీనికి మనం సర్దాలి. కార్బురేటరులో సన్నటి సూది వేలాడుతుంటుంది. దానికి గీతల్లాంటి గాట్లు, ఒక గాటులో చిన్న బిళ్ళ. బిళ్ళని ఒక గాటు కిందకి దించితే సూది ఒక గాటు పైకి లేస్తుంది, పెట్రోలు కాస్త ఎక్కువ వస్తుంది. నదిగట్టున, వేరుశనక్కాయల పొట్లం కాగితం మీద సామాను పరుచుకుని ఆ పని చేశాను. ఆయన చెయ్యి పెట్టలేదు. "ఇంజను మార్చక్కర్లేదోయ్. తిండి మారింది. ఒక్క గాటు" అన్నారు.

ఉప్పు లేని పప్పు, మెట్లెక్కని కాళ్ళు, పొద్దున్నా రాత్రీ మాత్రలు... ఆయన ఎవరి గురించి అన్నారో నేను అడగలేదు. తిరుగు ప్రయాణంలో బండి గొంతు మారింది. ఇంటికొచ్చి విప్పితే ప్లగ్గు కొస కాఫీ రంగులో ఉంది, పాలు ఎక్కువైన కాఫీ.

ఆ ఆదివారమే విశాఖనుంచి బేరగాడు వచ్చాడు. మంచి కుర్రవాడే. బండి చుట్టూ తిరిగి, ట్యాంకు తట్టి, మురిసిపోయి, డబ్బు కవరు బల్లమీద పెట్టాడు. "ఒక్కసారి స్టార్ట్ చేస్తారా అంకుల్?" అన్నాడు. మావారు నా వంక చూసి, "నాకు కిక్కు కూడదు బాబూ, ఆంటీ చేస్తుంది" అన్నారు. ఆ గొంతు మళ్ళీ అదే గొంతు. ఫోన్లో విన్నది.

నేను చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకున్నాను. తాళంచెవి తిప్పాను. ముల్లు నడిమికొచ్చింది. ఉఫ్‌మంది. అడుగు వేశాను. చప్పుడు లేదు. మళ్ళీ వేశాను. లేదు. ఆరుసార్లయింది. కుర్రాడు తనూ పదిసార్లు తొక్కి, చెమట తుడుచుకుని, "బాగయ్యాక చెప్పండి ఆంటీ" అని కవరు తీసుకుని వెళ్ళిపోయాడు. పాపం, కాఫీ ఇచ్చి పంపాను.

వీధి గుమ్మం వేసి వచ్చేసరికి మావారు బండి దగ్గర వంగుని చూస్తున్నారు. ప్లగ్గు ఉండాల్సిన చోట ఖాళీ బెజ్జం. తీగ ఊరికే దాని పక్కన వేలాడుతోంది. ఆ కుర్రాడు చూడలేదు గాని, ఈయన కళ్ళు దాన్ని దాటి ఎలా పోతాయి? కుర్చీలో కూర్చుని ఆరుసార్లూ చూస్తూనే ఉన్నారన్నమాట! నిటారుగా నిలబడి నావంక చూశారు. నేను గోడవంక చూశాను.

"సందు కొలిచావా?" అన్నారు, చాలాసేపటికి.

"అర మిల్లీమీటరు. పొద్దున్నే కొలిచాను" అన్నాను, కొంగు ముడి విప్పుతూ.